లోపలిగదిలోని విద్యార్థి

2020వ సంవత్సరము మార్చి నెల మూడవ వారమున మన రాష్ట్రమందలి పాఠశాలలన్నియు మూతపడినవి. ఆ నెల 25వ తేదీనుండి దేశమంతటను జనులెవ్వరు నిల్లు కదలరాదను కట్టడి వచ్చినది. గోదావరిపాయలమీద పడవలు రేవులలోనే నిలిచిపోయినవి. అప్పుడు పెద్దలు పలికిన మాట యొక్కటియే. "బడి మూసినంతమాత్రమున చదువేల ఆగవలెను? ఫోను లేదా? టెలివిజను లేదా?" ఈ మాటలో సత్యము లేకపోలేదు. సప్తగిరి దూరదర్శనమున పదవతరగతి పాఠములు ప్రసారమైనవి. వాట్సాపులో లెక్కలు వచ్చినవి, వ్యాకరణము వచ్చినది, చుఱుకైన పిల్లలు వానిని చేసి ఛాయాచిత్రములు తీసి పంపిరి. కాని యా పెద్దలు "పిల్లలు" అన్నప్పుడు వారి మనస్సులో మెదలినవారిలో కొందఱు లేరు. ఆ కొందఱిని గూర్చియే మేమిప్పుడు వ్రాయబూనితిమి.

మేము కోనసీమలో నొక యున్నతపాఠశాలయందు తెలుగును, ఇంగ్లీషును బోధించువారము. (కోనసీమ యప్పటికి తూర్పుగోదావరిజిల్లాలోనిదే, 2022 ఏప్రిల్ 4వ తేదీన ప్రత్యేక జిల్లా యైనది.) సంస్కృతము చదువుకొన్నవారము గనుక, పండుగనాడు శ్లోకము చదువుమని యూరివారు మమ్మే పిలుతురు. మా పాఠశాల ప్రహరీలోపలనే ఒక మూల భవిత కేంద్రమున్నది. సమగ్రశిక్ష పథకము క్రింద మండలములలో నడపబడు నీ కేంద్రములకు ప్రత్యేకావసరములుగల బిడ్డలు వత్తురు. మాకు తీరిక దొరకినపుడెల్ల పోయి యచట కూర్చుండుట చిరకాలముగా మా యలవాటు. ఆ కేంద్రపు ఉపాధ్యాయిని ఒప్పందపు కొలువుమీద పనిచేయుచున్న యువతి. బడులు మూసిన పిమ్మట, ఫోనుద్వారా పాఠములు చెప్పుటలో తనకు తోడుండుమని యామె కోరగా మే మంగీకరించితిమి.

ఆ బిడ్డల చదువెట్టిదో యెఱుగని చదువరులకు రెండు మాటలు చెప్పవలసియున్నది. 2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము వైకల్యములను ఇరువదియొక్క విధములుగా లెక్కించినది. 1995 నాటి చట్టమున నవి యేడు మాత్రమే. తగినంత వైకల్యముగల ప్రతిబిడ్డకును ఆఱవయేటినుండి పదునెనిమిదవయేటివరకు ఉచితవిద్య హక్కని యీ చట్టము చెప్పుచున్నది. మా కేంద్రమున కండరములు బిగుసుకొనిపోయి చేయి తెఱవలేని బాలుడొకడున్నాడు. వానికి పాఠమనగా, ఉపాధ్యాయిని వాని పిడికిలిని తన రెండుచేతులలో నుంచుకొని, ఒక్కొక్క వ్రేలిని మెల్లగా విప్పి, అందు రబ్బరుబంతి నుంచుట. వినికిడిలేని బాలిక యొకతె యున్నది. ఆమెకు పాఠమనగా ఎదుటివారి పెదవులను చూచుట, వారి కంఠముమీద చేయి వైచి యచట పుట్టు నదురును తెలిసికొనుట. ఎవరి కన్నులలోనికిని చూడనట్టి, తనలోకములో తానుండునట్టి యొక కుఱ్ఱవాడున్నాడు; వైద్యులు దానిని ఆటిజమందురు. వానికి పాఠమనగా ప్రతిదినము నదే వేళకు, అదే చాపమీద, అదే మనిషి కూర్చుండుట. ఇందులో ఏ పాఠమును ఫోనులోనుండి ప్రవహింపజాలదు. మొదటి పాఠములో చేయి కావలెను, రెండవదానిలో కంఠము కావలెను, మూడవదానిలో మనిషే కావలెను.

1887 ఏప్రిల్ 5వ తేదీన అమెరికాదేశమున ఆనీ సల్లివను అను ఉపాధ్యాయిని, చూపును వినికిడియు లేని హెలెన్ కెల్లరు అను బాలిక చేతిని నీటిపంపు క్రింద నుంచి, రెండవ యఱచేతిలో వ్రేళ్ళ సంజ్ఞలతో 'నీరు' అను మాటను పలికించెను. ఏడేండ్లైన నిండని యా బాలికకు వస్తువులకు పేరులుండునని యానాడే తెలిసినది. ఆ విద్య యంతయు స్పర్శవలన వచ్చినది. 2020లో వచ్చిన రోగము దానినే నిషేధించినది. అంటరాదని ప్రభుత్వము చాటించెను. అంటరానితన మెట్టిదో యీ దేశమునకు మఱియొకరు నేర్పనక్కఱలేదు. ముఖమునకు కట్టుకొన్న గుడ్డ వినికిడిలేని బాలికకు ప్రపంచపు పెదవులన్నిటిని నొక్కసారిగా మూసివేసినది.

మొదటి వారమున మేము చేసిన ప్రయత్నము సామాన్యమైనదే. ఉపాధ్యాయిని రంగుబొమ్మలతో చిన్నచిన్న చిత్రములు తీసి పంపెను; మేము కథలు చెప్పితిమి. మూడవనాడు ఒక తల్లి ఫోనుచేసి యిట్లనెను: "మాస్టారండీ, మీ పాఠం మావోడికి బోధపడ్డం లేదండి. మీ గొంతు ఇంటాడు, ఫోను ఎనక్కి తిప్పి మీరెక్కడున్నారా అని చూత్తన్నాడండి." ఆ బాలునికి బుద్ధి మందమని వైద్యులు వ్రాసియిచ్చిరి. కంఠమున్నచోట మనిషి యుండవలెనని వాని తర్కము. మా తర్కముకంటె నది తక్కువదని మాకు తోచలేదు.

ఆ దినములలో ఏకలవ్యుని పేరు తఱచుగా వినబడుచుండెను. గురువు దూరముననున్నను ప్రతిమ నెదుట నిడుకొని నేర్చుకొనెను గదా, మన పిల్లలేల నేర్వరాదని కొందఱు విద్వాంసులు వ్రాసిరి. ఏకలవ్యునికి చూపున్నది, వినికిడియున్నది, వింటిని వంచు బాహువులున్నవి, ఎవరును చెప్పకయే తెల్లవారకముందు లేచు పట్టుదల యున్నది. అట్టివానికి ప్రతిమయు చాలును. పైగా తుదకు వానికి దక్కినదేమో భారతము చదివినవారందఱకును తెలియును. మాకు విష్ణుశర్మ మేలుగా తోచినాడు. పంచతంత్రమున రాజు తన మువ్వురు మందబుద్ధులైన కుమారులను అతని కప్పగింపగా, ఆ బ్రాహ్మణుడు శాస్త్రములను ప్రక్కకు పెట్టి కాకులను, నక్కలను, తాబేళ్ళను ఎదుట నిలిపినాడు. పిల్లవానికి తెలిసిన వస్తువునుండి పాఠము తీయవలెనను రహస్యము అందున్నది.

రోగమువలన బడి యింటికి వచ్చుట లోకమున కిది మొదటిసారి కాదు. 1937 సెప్టెంబరులో అమెరికాలోని షికాగోనగరమున పోలియో వ్యాపింపగా, పాఠశాలలు తెఱువక, మూడులక్షలకు పైబడిన బాలబాలికలకు రేడియోద్వారా పాఠములు చెప్పిరి. పిల్లలను కుంటివారిని చేయు రోగమునకు వెఱచి రేడియో పెట్టిన నగరమది. 2020లో నూటతొంబదికి మించిన దేశములలో బడులు మూతపడినవి. నూటయఱువదికోట్ల మంది విద్యార్థులు వానివలన బాధపడిరని యునెస్కో లెక్కవేసినది. మన కేంద్రప్రభుత్వమువారు ఆ యేటి మే 17వ తేదీన దూరవిద్యాపథకమును ప్రకటించుచు, చూపులేనివారికి డైసీ పద్ధతి శ్రవణగ్రంథములును, వినికిడిలేనివారికి సంజ్ఞాభాషా పాఠములును సిద్ధపఱతుమనిరి. మంచిదే. కాని మా కేంద్రపు బిడ్డలలో పెక్కుమందికి కావలసినది గ్రంథము కాదు. చొక్కాగుండీ పెట్టుకొనుట, దాహమైనపుడు దాహమని తెలుపుట.

అందువలన నెలదినములు గడవకముందే మా ఉపాధ్యాయిని పద్ధతిని తలక్రిందులు చేసెను. బిడ్డతో మాటలాడుట తగ్గించి తల్లితో మాటలాడుట మొదలుపెట్టెను. "అమ్మా, మీ యింటిలో ఈ పూట ఏమి పని జరుగుచున్నది?" అని యడుగును. ఆ పనిలోనుండియే పాఠమును తీయును. దాళ్వాకోతలు ముగిసిన దినములు గనుక ఇండ్లలో పెసలు, మినుములు నిలువయున్నవి. రెంటిని కలిపి పళ్లెములో పోసి వేఱుచేయుమని పిల్లవానికిచ్చుట వ్రేళ్ళకు, కన్నులకు, ఓపికకు నొక్కసారిగా పాఠము. కొబ్బరిమట్టనుండి ఈనెలు తీసి చీపురు కట్టు నిండ్లలో, తీసిన యీనెలను పొడుగుపొట్టిగా నమర్చుట కొలతల పాఠము. పిడికిలి విప్పలేని బాలునికి తడిపిన చపాతిపిండి ముద్ద రబ్బరుబంతికంటె పదిరెట్లు మేలైనది. సోలతో బియ్యము కొలిచి యెసటిలో పోయునపుడు ఒకటి, రెండు, మూడు. మేము చేసినదెల్ల, ఆమె చెప్పిన యీ పనులను ఇంటింటికి తగినట్లు తేటమాటలలో వ్రాసి పంపుట. ఏ తల్లికి చదువువచ్చునో ఆ యింట పని సులువైనది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టినపుడు, ఆడుదానికి చదువేల, ఊళ్లేలుటకా అని వెక్కిరించినవారు లేకపోలేదు. ఈ ప్రశ్నకు సమాధానము ఆ తల్లుల వంటయిండ్లలో మాకు కనబడినది.

పని సులువైనదంటిమి; ఎవరికి సులువైనదో కొంచె మాలోచింపవలెను. ఇంటికొక్క ఫోను. అది తండ్రి జేబులో నుండును. తండ్రి రొయ్యలచెఱువుకడనో, వరిచేనికడనో, ధాన్యపులారీమీదనో యుండి రాత్రి యెనిమిదింటికి వచ్చును. అప్పుడు మొదట పెద్దకుమారుని లెక్కలు, పిదప కుమార్తె సైన్సు, అన్నిటి పిమ్మట మిగిలిన చార్జీలో ఈ బిడ్డ. తొమ్మిదిన్నరకు తల్లి కన్నులు వాలిపోవుచుండగా మా పాఠము మొదలగును. పగలు పదునాఱుగంటలు చాకిరిచేసిన యాడుదానిని రాత్రి ఉపాధ్యాయినిగా నియమించి, జీతము లేక, సెలవు లేక, శిక్షణ లేక, బిడ్డ నేర్వకపోయిన నిందమాత్ర మామెకే యుంచినాము. "నాన్నగారిని పిలువుడమ్మా" యనిన, "ఆయనకి ఇయన్నీ ఏం తెలుత్తాయండి" యను ప్రత్యుత్తరము మే మెన్నిమారులు వింటిమో లెక్కలేదు. చెఱువులో రొయ్యకు ఆక్సిజను తగ్గిన యర్ధరాత్రివేళ తెలిసికొనగల మగవానికి, కన్నకొడుకు గుండీ పెట్టుకొనగలడో లేడో తెలియదట!

ఆ యేటి యాగస్టులో ఏరు పొంగినది. ధవళేశ్వరము ఆనకట్టయొద్ద మూడవ ప్రమాదహెచ్చరిక యిచ్చిరి. లంకలలోనివారు నీటికి వెఱచి గట్టుమీదికి రావలెను, రోగమునకు వెఱచి యొకరికొకరు దూరముగా నుండవలెను. తనలోకములో తానుండు ఆ కుఱ్ఱవాడు లంకలోనివాడే. క్రొత్తచోట, క్రొత్తమనుష్యుల మధ్య వాడు రెండురాత్రులు నిద్రపోక యఱచినాడు. వాని తల్లి పడవ యెక్కునపుడు తెచ్చుకొన్నవి రెండు: ఆధారుకార్డులుంచిన సంచి, వాడు బడిలో కూర్చుండు చాపవంటి చాప. మూడవనాడు ఒక మూల ఆ చాప పఱచి, పాఠపువేళకు ఫోనులో ఉపాధ్యాయిని గొంతు వినిపింపగా వాడు వచ్చి కూర్చుండెను. ఫోనువలన ఇంత మేలు జరిగిన సందర్భము మఱియొకటి మే మెఱుగము. దాని నిందించుటకే మేము కలము పట్టలేదని చెప్పుటకు దీనిని వ్రాసితిమి.

ఇక మమ్ము మిక్కిలి కలతపెట్టిన సంగతి. పండ్రెండేండ్ల బాలిక యొకతె డౌన్ సిండ్రోము అను పుట్టువైకల్యము గలది. నవ్వుమొగము. కేంద్రములో అందఱి నీళ్ళసీసాలు నింపు పని తన కెవరు నప్పగింపకయే తానే తీసికొన్నది. ఆమెను నాయనమ్మ ఆటోలో తీసికొనివచ్చి, తీసికొనిపోవుచుండెను. బడి మూసిన తరువాత మేమా యింటికి ఫోనుచేసినపుడెల్ల తల్లి గుసగుసగా మాటలాడును; బొమ్మ కనబడు పిలుపైనచో ఫోనును గోడవైపునకు త్రిప్పును. కొన్నిదినములకు తండ్రియే చెప్పెను: "పెద్దదానికి సంబంధాలు చూత్తన్నామండి. దాని పెళ్ళయ్యేదాకా మా యింటికి ఫోన్లు చెయ్యకండి మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను." దుర్మార్గుడు కాడు. తన బిడ్డల నిద్దఱను ప్రేమించువాడే. ఒకతె కనబడిన రెండవదాని పెండ్లి చెడునని భయపడినాడు, అంతే. ఆ భయము నతనికి మనమందఱమును కలిసి నేర్పితిమి.

మఱునాడు నాయనమ్మ పొరుగింటి ఫోనునుండి పిలిచెను. "ఆయ్, పిల్లని గదిలో ఎట్టి గడేసేరు బాబూ. పెళ్ళోరొచ్చి ఎల్లేదాకా కిక్కురుమనకూడదంట. దానికేం తెలుత్తాది, లోపల్నించి నన్నే పిలుత్తాది."

చదువరులారా, బడి నడచిన దినములలో ఈ గడియ మా కెన్నడును వినబడలేదు. దినమునకు నాలుగు గంటలు ఆ బిడ్డ కేంద్రములో నుండుటచేత, ఇంటిలో నామెకు చోటున్నదో లేదో యడుగు నవసరము కలుగలేదు. రోగము వచ్చి చదువును ఇంటికి పంపినపుడు, ఆ చదువు పోయి యే గదియొద్ద నిలిచినదో తెలిసినది. దూరవిద్యకు ఫోను కావలెను, విద్యుత్తు కావలెను, సంకేతము కావలెనని ప్రభుత్వములు లెక్కలు వ్రాసినవి. ఇంటివారు బిడ్డను నలుగురిలో కూర్చుండనిత్తురా యను ప్రశ్న యే లెక్కలోను లేదు.

ఈ గడియ పాతది. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున, పుట్టుగ్రుడ్డికి, చెవిటికి, మూగకు, జడునికి తండ్రియాస్తిలో భాగము లేదు. కూడును గుడ్డయు నీయవలెనని మాత్రము తరువాతి శ్లోకమున నున్నది. మేము విద్యార్థిదశలో ఈ భాగమును వ్యాఖ్యానసహితముగా చదువుకొంటిమి. తరగతిలో నెవ్వరు నేమియు ననలేదు. 1928వ సంవత్సరపు పండ్రెండవ చట్టమువలన హిందువులలో వికలాంగులకు దాయభాగము దక్కినది. కాని పుట్టుకతో బుద్ధి లేనివారిని, ఉన్మాదులను అదియు వెలుపలనే యుంచినది. ఏ రోగముగాని, ఏ లోపముగాని, ఏ వైకల్యముగాని వారసత్వమున కడ్డుకాదని 1956 నాటి హిందూవారసత్వచట్టపు ఇరువదియెనిమిదవ విభాగము చెప్పువఱకు ఆ బిడ్డవంటివారికి కూడును గుడ్డయే గతి. చట్టము మాఱి యిన్ని దశాబ్దములైనను, ఆ యింటిలో ఆమెకు కూటికి లోటు లేదు, గుడ్డకు లోటు లేదు, వాకిటిలో కూర్చుండు భాగమే లేదు. మనము స్మృతిని విడిచితిమనుకొనుచున్నాము. స్మృతి మనలను విడువలేదు.

మేము ఫోనుచేయుట మానితిమి గాని ఊరకుండలేదు. పొరుగింటి ఫోనుకు వారమున కొకనాడు నాయనమ్మకు పాఠము చెప్పితిమి. ఆమె లోపలికిపోయి మనుమరాలికి చెప్పెను. ఎనుబదియేండ్లకు సమీపించిన యా యవ్వ నీళ్ళచెంబులు లెక్కించు పాఠమును మాకంటె బాగుగా నడపినదని మేము నిస్సంకోచముగా చెప్పగలము. పెండ్లి కొలదిమంది బంధువుల నడుమ జరిగినది. ఆ దినమున చెల్లెలిని మేనత్తయింట నుంచిరి. ఫొటోలలో ఆమె లేదు. పెండ్లినాటికి పెద్దలలో బుద్ధి కలిగి కథ సుఖాంతమైనదని వ్రాయుటకు మాకును వేడుకయే, అట్లు జరుగలేదు.

ఆఱేడునెలలకు మాకొక క్రొత్త సంఖ్యనుండి పిలుపు వచ్చినది. పెండ్లైన పెద్దమ్మాయి. "మాస్టారూ, చెల్లి పాఠాలు నాకు పంపండి. రోజూ సాయంత్రం నేను వీడియోలో చెప్తాను" అనెను. మాటలాడుచుండగా వెనుకనుండి భర్త తల వంచి ఎవరని యడుగుట వినబడినది. ఒక్క నిమేష మామె మాటలాడలేదు. పిమ్మట "మా చెల్లి చదువు గుఱించి" అని చెప్పెను. ఆ నిమేషమున మేము ఊపిరి బిగబట్టితిమని యొప్పుకొనుటకు సిగ్గుపడము. ఆ యువకుడు "ఏం చదువుతోంది?" అని యడిగెను. అంతకు మించి పిడుగేమియు పడలేదు.

అయిదవతరగతిలోపు పిల్లలకు 2021 ఫిబ్రవరి 1వ తేదీన బడులు తెఱచిరి. ఏప్రిలులో రెండవమాఱు మూసిరి. ఆగస్టు 16వ తేదీన మరల తెఱచిరి. కేంద్రమునకు తిరిగివచ్చినవారిలో పిడికిలి బాలుని చేయి మునుపటికంటె బిగుసుకొన్నది. పిండిముద్ద మంచిదే కాని కండరముల నెఱిగిన వైద్యుని చేయి కాలేదు. వినికిడిలేని బాలిక ముందరి మాటలలో సగము మఱచినది. ఒక బాలుడు అసలు రాలేదు; వాని తల్లిదండ్రులు పనికై హైదరాబాదు పోయినారు, ఫోనుసంఖ్య మాఱినది. పెసలు వేఱుచేసిన పిల్లవాడు మాత్రము ఇప్పుడు తనంతట గుండీలు పెట్టుకొనుచున్నాడు. ఒక్కటి తప్పక వంకరగా పెట్టును. నీళ్ళసీసాల బాలిక ఆటో దిగి నేరుగా కుళాయివద్దకు పోయినది.

మా ఉపాధ్యాయిని హాజరుపట్టీలో ఒక క్రొత్త గడి గీసినది. ప్రతిబిడ్డ పేరునకెదురుగా, "ఇంటివద్ద పాఠము చెప్పువారు" అని దాని శీర్షిక. తల్లి, తల్లి, నాయనమ్మ, తల్లి, అక్క, తల్లి. ఒక్క పేరునకెదురుగా మాత్రము "నాన్న" అని యున్నది. అతడు రొయ్యలచెఱువు కాపలాదారుడు. రాత్రి కాపలాకు పోవుటకు ముందు కొడుకును గట్టుమీద కూర్చుండబెట్టుకొని, తిరుగుచున్న ఏరేటర్లను లెక్కపెట్టించునట.